తొండం లేని ఏనుగు, పేరు లేని చిత్రకారుడు



తెల్లవారుజామున ఐదు గంటలకు విశాఖ ఫిషింగ్ హార్బర్‌కి ఎప్పుడైనా వెళ్ళారా? రాత్రంతా సముద్రం మీద ఉన్న బోట్లు ఒక్కొక్కటే వచ్చి జెట్టీకి ఆనుకుంటాయి. ట్రేలు దిగుతాయి. ఐసు ముక్కల మధ్య ఒక చేప మిగతా వాటికన్నా ముందు కంటపడుతుంది. జానెడు పొడవు, కదురులా రెండు కొసలా సన్నబడిన ఒళ్ళు. వీపు నీలం, ఆకుపచ్చ కలిసిన రంగు. ఆ వీపుకు కాస్త దిగువన సన్నటి నల్ల చుక్కలు వరసగా, ఎవరో కుంచె కొసతో తాకించినట్టు ఉంటాయి. పొట్ట వెండిలా ఉండి, వెలుతురు పడినప్పుడు లేత పసుపు మెరుస్తుంది. రెక్క కింద ఒక నల్ల మచ్చ.

గంట గడిచేసరికి ఆ మెరుపు ఉండదు. నీలం నల్లబడుతుంది, పసుపు పూర్తిగా పోతుంది. మధ్యాహ్నం బజారులో మనం కొనేది ఆ చేపనే, కానీ ఆ రంగు మాత్రం కాదు.

అవి కానాగంతలు. కొందరు కనగర్తలంటారు. పులుసు పెట్టినా, వేపుడు చేసినా, ఎండబెట్టినా మన తీరంలో ఈ చేప తినని ఇల్లు అరుదు. దీనికి శాస్త్రలోకంలో ఉన్న పేరు రాస్ట్రెల్లిగర్ కనగుర్తా. జపాన్‌లో ఉన్న శాస్త్రవేత్త అయినా, కెన్యాలో ఉన్న శాస్త్రవేత్త అయినా ఈ చేప గురించి రాయాలంటే కనగుర్తా అనే రాయాలి. అంటే మన జాలరుల నోటి మాటనే రాయాలి.

ఆ పేరు పెట్టినది పారిస్ నగరంలో పనిచేసిన జంతుశాస్త్రవేత్త జార్జ్ కువియే, 1816లో. ఆయన విశాఖ రాలేదు, అసలు మన దేశమే రాలేదు. ఆయన ముందు ఉన్నది ఒక బొమ్మ. ఆ బొమ్మ కింద ఇంగ్లీషు అక్షరాల్లో కనగుర్త అని ఉంది. బొమ్మ పుట్టిన ఊరు విశాఖపట్నం.

ఇదే కువియే అంతకు ఇరవై ఏళ్ళ ముందు, 1796లో, ఇంకో పెద్ద మాట అన్నాడు. సైబీరియా మంచుమట్టిలో దొరుకుతున్న ఏనుగు ఎముకలు ఇవాళ భూమి మీద తిరుగుతున్న ఏ ఏనుగువీ కావని, ఆ జాతి పూర్తిగా అంతరించిపోయిందని చెప్పాడు. దాన్నే మనం మామత్ అంటున్నాం. ఊలు కప్పుకున్న ఏనుగు. మన కానాగంతకీ ఆ మంచు ఏనుగుకీ ఏం సంబంధమని మీరు అడగొచ్చు. రెండూ ఒకే మనిషి బల్ల మీద కలిశాయి. చూడని జంతువును చూసినవాడి చేతిగీతను బట్టి తెలుసుకోవడం అనే పనిలో కలిశాయి. ఈ పూట నేను మాట్లాడదలచుకున్నది ఆ చేతిగీత గురించే.

నేను ముప్పై ఏళ్ళు డిగ్రీ పిల్లలకి జంతుశాస్త్రం చెప్పాను. ప్రాక్టికల్ రికార్డులు ఎన్ని వేలు దిద్ది ఉంటానో లెక్క లేదు. ఒకసారి ఒక అబ్బాయి కప్ప బొమ్మ వేసి తెచ్చాడు. ఎంత అందంగా వేశాడంటే, పేజీ మీద నుంచి దూకేస్తుందేమో అనిపించింది. కానీ ముందుకాలికి ఐదు వేళ్ళున్నాయి. కప్ప ముందుకాలికి నాలుగే వేళ్ళు. కప్ప అతని ఎదురుగా ట్రేలోనే ఉంది. అయినా అతను చూసి వేసింది కప్పను కాదు. తన చెయ్యే తనకు తెలియకుండా బొమ్మలోకి వచ్చి కూర్చుంది. నేను ఏమీ అనకుండా ఆ కాలును పిన్నుతో తెరిచి చూపించాను. అతను ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెట్టి, మళ్ళీ లెక్కపెట్టి, రబ్బరు తీసుకున్నాడు.

మామత్ మొదటి బొమ్మల్లో ఒక దాని కథ వింటే నాకు ఆ అబ్బాయే గుర్తొస్తాడు.

1799లో ఉత్తర సైబీరియాలో, లేనా నది సముద్రంలో కలిసే చోట, ఎవెంకీ తెగకు చెందిన ఒక వేటగాడు మంచుగట్టులో ఏదో పెద్ద ఆకారం చూశాడు. అతని పేరు ఒసిప్ షుమాఖోవ్. ప్రతి ఏడాదీ వచ్చి చూసి వెళ్ళేవాడు. మంచు కొంచెం కొంచెంగా కరిగింది. చివరికి ఆ కళేబరం జారి కింద ఇసుకలో పడింది. 1804లో అతను దంతాలు రెండూ కోసి, బోల్తునోవ్ అనే వర్తకుడికి అమ్మాడు. యాభై రూబుళ్ళ విలువ చేసే సరుకు ఇచ్చి ఆ వర్తకుడు వాటిని కొన్నాడు.

బోల్తునోవ్ ఆ జంతువు బొమ్మ కూడా గీశాడు. నేను అతన్ని తప్పుపట్టను. వ్యాపారం కోసం తిరిగే మనిషి కాగితం తీసి ఒక జంతువును గీయాలనుకోవడమే గొప్ప. కానీ అప్పటికే కళేబరం పాడైపోయింది. తొండంలో ఎముక ఉండదు, అందుకని అది మొట్టమొదట పోతుంది. తొండం లేని ఏనుగు తల ఎలా ఉంటుందో ఒక్కసారి ఊహించండి. మూతి మొండిగా, ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. బోల్తునోవ్‌కి ఏనుగు తెలియదు, పంది తెలుసు. అందుకే బొమ్మలో అడవిపంది వచ్చింది. చిన్న చెవులు, పంది మూతి, దంతాలు రెండూ పక్కలకు వంకర తిరిగి ఉన్నాయి. కప్పకు ఐదో వేలు వచ్చినట్టే.

ఆ బొమ్మ నకలు ఒకటి జర్మనీలోని గొట్టింగెన్‌లో బ్లూమెన్‌బాక్ చేతికి చేరింది. మామత్‌కు 1799లో ఎలిఫాస్ ప్రిమిజీనియస్ అని శాస్త్రీయ నామం పెట్టింది ఆయనే. ఆయన ఎముకలు చూసినవాడు. పంది మూతి చూసి మోసపోలేదు. ఇది ఏనుగేనని గుర్తించి, ఆ బొమ్మ పక్కనే రాసిపెట్టాడు. తప్పు బొమ్మ కూడా సరైన మనిషి చేతికి వెళితే సాక్ష్యమవుతుంది. బోల్తునోవ్ చెవులు చిన్నవిగా వేశాడు చూడండి, అది నిజం. మన ఏనుగు చెవులు చేటంత ఉంటాయి. చలిదేశపు ఏనుగుకి అంత చెవి ఉంటే దానిలోంచే ఒంటి వేడంతా పోతుంది. మామత్ చెవులు నిజంగానే చిన్నవి. బోల్తునోవ్ చూసింది చూసినట్టు వేసిన చోట సరిగ్గానే ఉంది. కంటికి కనపడని దాన్ని తెలిసిన దానితో పూడ్చిన చోటే చెడింది.

ఇక కువియే ఏం చేశాడు? పళ్ళు చూశాడు.

రుబ్బురోలు గుర్తు తెచ్చుకోండి. పూర్వం వీధుల్లో రోళ్ళకు గంట్లు పెడతామంటూ కేకలు వేసుకుంటూ వెళ్ళేవాళ్ళు. అరిగిపోయిన రాయి మీద ఉలితో గంట్లు కొడితే మళ్ళీ పప్పు నలిగేది. ఏనుగు దవడ పన్ను అచ్చం అలాగే ఉంటుంది. పన్ను మీద అడ్డంగా గట్లు, గట్ల మధ్య గాళ్ళు. ఆసియా ఏనుగుకి ఆ గట్లు సన్నగా, దగ్గరదగ్గరగా ఉంటాయి. ఆఫ్రికా ఏనుగు పంటి మీద అవి బర్ఫీ ముక్కల్లా, నడుమ వెడల్పై కొసలు కోసుగా ఉంటాయి. మామత్ చివరి దవడ పంటికైతే ఇరవైకి పైగా గట్లు, ఎంత దగ్గరగా అంటే దువ్వెన పళ్ళలాగా. గడ్డకట్టిన నేల మీద గరుకు గడ్డి నమిలే జంతువుకి అలాంటి రోలే కావాలి.

1796కి ముందు ఏడాది ఫ్రెంచి సైన్యం హాలండ్ నుంచి పారిస్‌కు తెచ్చిన సేకరణలో ఒక సింహళం ఏనుగు పుర్రె, ఒక ఆఫ్రికా ఏనుగు పుర్రె ఉన్నాయి. వాటిని పక్కపక్కన పెట్టి చూసి, ఇవి రెండూ రెండు జాతులని, మామత్ మూడోదని కువియే తేల్చాడు. అంతవరకూ దేవుడు చేసిన ఏ ప్రాణీ పూర్తిగా పోదని, ఎక్కడో ఒక మూల బతికే ఉంటుందని యూరప్‌లో చాలామంది నమ్మేవారు. ఆ ఎముకలు దొరికిన చోట రాక్షసులవని అనుకునేవారు. మన పల్లెల్లో కొండల మీద బృహత్ శిలాయుగపు సమాధులను రాకాసి గుళ్ళు అన్నట్టే. సైబీరియా వాళ్ళు ఇంకోలా చెప్పుకున్నారు. అది భూమి లోపల సొరంగాలు తవ్వుకుంటూ తిరిగే పెద్ద ఎలుకలాంటి జంతువని, వెలుతురు తగిలితే చనిపోతుందని. ఎప్పుడు దొరికినా నేలలోనే, చచ్చే దొరుకుతోంది కదా, పాపం, వాళ్ళ ఆలోచనలో తప్పేముంది?

కువియేకి బొమ్మలంటే ప్రాణం. తనే బాగా వేసేవాడు. 1796లోనే ఆయన దక్షిణ అమెరికాకు చెందిన ఒక మహాకాయ జంతువుకు మెగాథీరియం అని పేరు పెట్టాడు. దాని అస్థిపంజరం స్పెయిన్‌లో మాడ్రిడ్‌లో ఉంది. హువాన్ బౌటిస్టా బ్రూ అనే ఆయన దాన్ని నిలబెట్టి, ఎముక ఎముకనూ గీశాడు. ఆ బొమ్మల అచ్చులు పారిస్ చేరాయి. కువియే ఎముకలు చూడలేదు, బొమ్మలే చూశాడు. చూసి, ఇది చెట్లకు వేలాడే స్లోత్‌కు పెద్దన్న లాంటిదని చెప్పాడు. ఆ మాట ఈనాటికీ నిలబడింది. నిలబడింది కువియే తెలివి వల్ల ఎంతో, బ్రూ చెయ్యి అబద్ధం ఆడకపోవడం వల్ల కూడా అంతే.

ఇప్పుడు మన ఊరికి వద్దాం.

1781లో పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండ్ వైద్యుడు విశాఖపట్నం వచ్చాడు. అంతకు ముందు సిరియాలో అలెప్పో నగరంలో చాలా ఏళ్ళు వైద్యం చేసినవాడు. ఇక్కడ ఈస్టిండియా కంపెనీ కొలువులో పెద్ద అధికారిగా ఉన్న తమ్ముడు క్లాడ్‌తో కలిసి వచ్చాడు. ఇవాళ వన్‌టౌన్ అంటున్న పాత పట్నమే అప్పటి విశాఖ. పోర్టు లేదు. 1933 వరకూ ఓడలు దూరంగా సముద్రంలోనే ఆగేవి. స్టీల్‌ప్లాంటు ఊహలో కూడా లేదు. ఉన్నవల్లా సముద్రం, జాలరిపేటలు, తెప్పలు, వలలు.

1785లో కంపెనీ పాట్రిక్ రస్సెల్‌ను మద్రాసు రాజధానికి ప్రకృతి శాస్త్రవేత్తగా నియమించింది. 1789లో ఆయన తిరిగి వెళ్ళిపోయాడు. ఆ కొద్ది ఏళ్ళలోనే రెండు పెద్ద పనులు జరిగాయి. మొదటిది పాములు. 1796లో, అంటే కువియే మామత్ గురించి మాట్లాడిన ఏడాదే, కోరమాండల్ తీరపు పాముల మీద ఆయన పుస్తకం లండన్‌లో వెలువడింది. అందులో పాముల పేర్లు చాలావరకు తెలుగే. పసిరిక పాము ఉంది. పెద్దపొడ ఉంది. మనం రక్తపింజరి అనే పామును ఆయన కాటుక రేకుల పొడ అని రాశాడు. ఆ పేరు ఒకసారి నెమ్మదిగా అని చూడండి. ఒంటి మీద నిలువుగా మూడు వరసల మచ్చలు, ప్రతి మచ్చ చుట్టూ కాటుక దిద్దినట్టు నల్లటి అంచు. పూరేకులా ఉండి, కాటుక పెట్టుకున్న పొడ. పాము ఎదురుగా లేకపోయినా ఆ పేరు వింటే బొమ్మ వేయొచ్చు. ప్రపంచమంతా ఇప్పుడు దాన్ని రస్సెల్ వైపర్ అంటుంది. ఆ వైద్యుడి పేరు దానికి దక్కడం న్యాయమే. కానీ కాటుక రేకుల పొడ అన్న మాట మన పిల్లల నోట లేకుండా పోవడం నాకు కష్టంగా ఉంటుంది.

పసుపు, నలుపు పట్టీలుండే పామును ఇక్కడివాళ్ళు బంగారం పాము అన్నారు. రస్సెల్ అదే రాసుకున్నాడు. తర్వాత దోదాన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త 1803లో కట్లపాముల ప్రజాతి మొత్తానికి బంగారస్ అని పేరు పెట్టాడు. లాటిన్ మాట అనుకుంటాం. అది మన బంగారమే.

రెండో పని చేపలు. విశాఖపట్నంలో సేకరించిన రెండు వందల చేపల వర్ణనలు, బొమ్మలు అన్న అర్థం వచ్చే పేరుతో 1803లో రెండు సంపుటాలు లండన్‌లో అచ్చయ్యాయి. ఊరి పేరు పుస్తకం పేరులోనే ఉంది. పేజీలు తిప్పితే సొరలున్నాయి, టెంకిలున్నాయి, పారలున్నాయి. తిమ్మిరి అనే చేప ఉంది, నల్ల తిమ్మిరి ఉంది. ముట్టుకుంటే కరెంటు షాకు కొట్టి చెయ్యి మొద్దుబారే చేపకు అంతకన్నా మంచి పేరు ఎవరు పెట్టగలరు? 1803 నాటికి కరెంటు దీపం ఎక్కడా లేదు, కానీ ఆ చేప పని ఏమిటో జాలరి చేతికి తెలుసు. తోలు పార అని ఇంకోటి. చేప చర్మం తోలులా గట్టిగా ఉంటుంది కాబట్టి తోలు. దాని శాస్త్రనామంలో కూడా ఇప్పటికీ తోల్ అని ఉంది. అదీ కువియే పెట్టినదే.

ఆ రెండు వందల బొమ్మలు వేసిన చెయ్యి ఎవరిది? రస్సెల్‌ది కాదు. ఇక్కడి చిత్రకారుడిది. పుస్తకంలో అతని పేరు లేదు. రస్సెల్ పేరు ఉంది, అచ్చువేసిన వాళ్ళ పేరు ఉంది, కంపెనీ డైరెక్టర్ల పేరు ఉంది. చేప పేరు కూడా ఉంది. గీసినవాడి పేరు ఒక్కటే లేదు.

నేను ఆ పుస్తకం పేజీలు చాలాసార్లు చూశాను. ఇప్పుడది ఇంటర్నెట్‌లో ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. రికార్డులు దిద్దే అలవాటు వల్ల నా కన్ను ముందు రెక్కల మీదకి వెళుతుంది. చేప బొమ్మలో దొంగతనం జరిగేది అక్కడే. ముళ్ళు ఎన్ని, మెత్తటి కిరణాలు ఎన్ని అని లెక్కపెట్టడానికి ఓపిక లేక ఒక విసనకర్రలా గీసేసి ఊరుకుంటారు. ఈ చిత్రకారుడిది మాత్రం తాను ఎరిగిన చేపలకన్నా కంటి ఎదుట ఉన్న చేపను నమ్మిన చెయ్యి. కానాగంత బొమ్మ చూడండి. తోక దగ్గర పైనా కిందా బుడిబుడి రెక్కలు వరసగా ఉంటాయి. హార్బర్‌లో చేప కొన్నప్పుడు మీరు కూడా చూడండి, వేలితో తడిమితే తెలుస్తాయి. అతను వాటిని వదల్లేదు. పారిస్‌లో ఉన్న కువియే ఆ బొమ్మ మీద ఆధారపడి ఒక జాతికి పేరు పెట్టగలిగాడంటే కారణం అదే. చేప రంగు గంటలో పోతుందని ముందే చెప్పాను. విశాఖ ఎండలో, ఐసు లేని కాలంలో, ఒక్కో చేపకి అతనికి దొరికిన సమయం ఎంతో ఆలోచించండి. తెప్ప ఒడ్డుకు రాగానే పరుగెత్తుకు రావాలి. వాసన పట్టేలోపల ముగించాలి. ఇది కుదురుగా కూర్చుని చేసే కళ కాదు.

ఆ రోజుల్లో మన తీరమంతా ఇలాంటి పనికి నెలవైంది. సామర్లకోటలో వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ మొక్కల బొమ్మలు వేయించాడు. అవీ ఇక్కడి చిత్రకారులు వేసినవే. మూడు సంపుటాలు, 300 బొమ్మలు, 1795 నుంచి 1819 దాకా అచ్చయ్యాయి. ఆ తర్వాత ఉత్తర సర్కారుల కమిషనర్‌గా వచ్చిన వాల్టర్ ఇలియట్ 1859లో తెలుగు జిల్లాల మొక్కలకు తెలుగు పేర్లతో ఒక పెద్ద జాబితా ప్రచురించాడు. పేరు ఫ్లోరా ఆంధ్రిక. వీటి గురించి వేరే ప్రసంగమే చేయాలి.

మళ్ళీ మామత్ దగ్గరికి. బోల్తునోవ్ బొమ్మ గీసిన రెండేళ్ళకు, 1806లో మిఖాయిల్ ఆడమ్స్ అనే శాస్త్రవేత్త ఆ చోటికి చేరుకున్నాడు. తోడేళ్ళూ నక్కలూ చాలా మాంసం తినేశాయి. చుట్టుపక్కలవాళ్ళు కుక్కలకు కోసి వేశారు. అయినా అస్థిపంజరం దాదాపు మొత్తం మిగిలింది, ఒక ముందుకాలు తప్ప. తోలు ఎంత బరువంటే పదిమంది మనుషులు మోయలేక మోయలేక మోశారు. నేలలో తొక్కబడి ఉన్న వెంట్రుకలు ఏరితే పదహారు కిలోలకు పైగా వచ్చాయి. అన్నీ సెంట్ పీటర్స్‌బర్గ్ చేరాయి. అక్కడ టిలేసియస్ అనే ఆయన 1808లో ఆ ఎముకలను నిలబెట్టాడు. అంతరించిన జంతువు అస్థిపంజరాన్ని అలా నిలబెట్టడం అప్పటికి ప్రపంచంలో చాలా కొద్ది చోట్లే జరిగింది.

ఎలా నిలబెట్టాడు? పక్కన ఆసియా ఏనుగు అస్థిపంజరం పెట్టుకుని, దాన్ని చూసుకుంటూ. లేని ఎముకలను చెక్కతో చేయించాడు. ఈ పద్ధతి నాకు చాలా ఇష్టం. మామత్‌కు ఆఫ్రికా ఏనుగుకన్నా మన ఏనుగే దగ్గర చుట్టమని రెండు వందల ఏళ్ళ తర్వాత డీఎన్ఏ పరీక్షలు తేల్చాయి. ఆయనకు డీఎన్ఏ తెలియదు, కానీ సరైన చుట్టాన్నే పక్కన నిలబెట్టుకున్నాడు. ఒక్కచోట పొరపాటు జరిగింది. దంతాలు అటుది ఇటు, ఇటుది అటు పెట్టాడు. దాంతో అవి లోపలికి వంగాల్సింది పోయి బయటికి వంగాయి. టిలేసియస్ వేసిన అస్థిపంజరం బొమ్మ పుస్తకాల్లోకి ఎక్కింది, దాన్ని చూసి వేసినవన్నీ అదే దంతాలతో వచ్చాయి. ఒక తప్పు బొమ్మకి ఎంత ఆయుష్షో చూడండి.

మామత్‌ను సరిగ్గా వేసినవాళ్ళు అంతకు వేల ఏళ్ళ ముందే ఉన్నారు. ఫ్రాన్స్‌లో రూఫిన్యాక్ అనే గుహ గోడల మీద మామత్ బొమ్మలు నూరుకు పైగా ఉన్నాయి. 1864లో లార్తే అనే శాస్త్రవేత్త బృందానికి అదే దేశంలో, లా మదలేన్ అనే చోట ఒక దంతపు ముక్క దొరికింది. ఆ దంతం మామత్‌దే, దాని మీద చెక్కిన బొమ్మా మామత్‌దే. నెత్తి మీద గుమ్మటం లాంటి ఎత్తు, వెనక్కి జారిన వీపు, కిందికి వేలాడే జూలు. మనిషి మామత్‌ను ప్రాణంతో చూశాడా లేదా అన్న వాదన ఆ దంతపు ముక్కతో తేలిపోయింది. చూడకుండా అలా చెక్కలేరు. ఆ చెక్కినవాడి పేరూ మనకు లేదు.

మన నేల మీద కూడా అంతరించిన ఏనుగులున్నాయి. 1905లో పిల్‌గ్రిమ్ అనే భూగర్భ శాస్త్రవేత్త గోదావరి పై ప్రాంతంలో, మహారాష్ట్ర వైపు, ఒండ్రుమట్టిలో దొరికిన ఒక పెద్ద ఏనుగు ఎముకల గురించి రాశాడు. నర్మదా తీరంలో ముందుగా దొరికింది కాబట్టి దాన్ని నమదికస్ అంటారు. నిటారు దంతాల ఏనుగు. మామత్‌కన్నా పెద్దది. మన గోదావరి ఒడ్డున అంత పెద్ద ఏనుగు నీళ్ళు తాగింది. ఇవాళ పార్వతీపురం మన్యంలో ఒడిశా నుంచి దిగివచ్చిన ఏనుగుల గుంపు చేలల్లో పడితే రైతులు రాత్రంతా కాపలా కాస్తున్నారు. ఆ ఏనుగులు దాని పక్కన పిల్లల్లా ఉంటాయి.

ఉమ్మడి కర్నూలు జిల్లాలో బేతంచెర్ల దగ్గర బిల్లసొరంగం గుహలున్నాయి. 1844లోనే న్యూబోల్డ్ అనే సైనికాధికారి అక్కడ ఎముకలున్నాయని రాశాడు. నలభై ఏళ్ళ తర్వాత ఇంగ్లండు జీవశాస్త్రవేత్త హక్స్‌లీ ప్రోద్బలంతో మద్రాసు గవర్నరు గ్రాంట్ డఫ్ తవ్వకాలు చేయించాడు. భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్, తర్వాత ఆయన కొడుకు హెన్రీ తవ్వారు. 1886లో లిడెక్కర్ అనే శాస్త్రవేత్త ఆ జంతువులను వర్ణిస్తూ పుస్తకం రాశాడు. ఒక ఖడ్గమృగానికి కర్నూలు పేరు మీదనే రైనోసరస్ కర్నూలియెన్సిస్ అని పేరు పెట్టాడు. దక్షిణ భారతంలో ఇవాళ అడవిలో ఖడ్గమృగం ఎక్కడా లేదు. ఆ పుస్తకం బొమ్మల్లోనూ ఎక్కడా నిండు ఖడ్గమృగం కనపడదు. పన్ను, ముక్క, ఎముక. విరిగిన అంచు విరిగినట్టే ఉంటుంది.

హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌కి పిల్లల్ని తీసుకెళ్ళిన శ్రోతలు చాలామంది ఉంటారు. అక్కడ నిలబెట్టిన డైనోసార్ పేరు కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్. అప్పటి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లిలో దొరికింది. జియలాజికల్ సర్వేకు చెందిన యాదగిరి 1988లో దానికి పేరు పెట్టారు. సుమారు తొమ్మిది మీటర్ల పొడవు. ఒళ్ళంతా ఎముకలు దొరికాయి, పుర్రె మాత్రం దొరకలేదు. కాబట్టి ఈసారి వెళితే ఆ తల వైపు కాస్త ఎక్కువసేపు చూడండి. అది చుట్టాలను బట్టి, పోలికలను బట్టి చేసిన తల. పిల్లలకు ఆ మాట చెప్పండి. నా అనుభవంలో, ఇది దొరికింది, ఇది మనం అనుకున్నది అని వేరు చేసి చెబితే పిల్లలకు ఆసక్తి తగ్గదు, రెట్టింపవుతుంది. మరైతే తల ఎక్కడుంది అని వెంటనే అడుగుతారు.

అంతరించినవి మన ఊళ్ళో రోజూ మన ముందు నుంచి పోతూనే ఉంటాయి. స్టీల్‌ప్లాంటు కొలుముల కోసం పోర్టులో దిగే బొగ్గు ఉంది చూశారా, అది కోట్ల ఏళ్ళ కిందటి అడవి. దాని ఆకుల బొమ్మలు రాయే వేసి పెట్టింది.

మరి ఇవాళ కళ్ళ ముందు పోతున్నవి?

మూతి స్థానంలో రంపం ఉండే చేప మన బంగాళాఖాతంలో ఒకప్పుడు వలలకు బాగా పడేది. సొరకు, టెంకికి దగ్గరి చుట్టం. రంపానికి రెండు పక్కలా పళ్ళు. ఆ పళ్ళు ఎన్నో లెక్కపెడితే అది ఏ జాతిదో చెప్పడానికి వీలవుతుంది. రంపం వలలో చిక్కుకుంటే విడిపించుకోలేదు, అదే దాని చావుకొచ్చింది. ఇవాళ ప్రపంచమంతటా అది అంతరించే అంచున ఉంది. 2001 నుంచి మన దేశంలో దాన్ని పట్టడం నేరం.

పోయిన సంవత్సరం పెద జాలరిపేటలో ఒక ఇంటికి వెళ్ళాను. ఎనభై దాటిన తాత, ఎనిమిదో తరగతి మనవరాలు. ఆ అమ్మాయి చేపల బొమ్మలు బాగా వేస్తుందని ఎవరో చెబితే చూద్దామని వెళ్ళాను. నోటుబుక్కు తెచ్చింది. కానాగంత ఉంది, తోక దగ్గర బుడిబుడి రెక్కలు సరిగ్గా ఐదు పైన, ఐదు కింద. నాకు కళ్ళు చెమర్చాయి.

తాత రంపం చేప గురించి చెప్పడం మొదలుపెట్టాడు. చిన్నప్పుడు తెప్ప మీద వాళ్ళ నాన్నతో వెళ్ళినప్పుడు పడిందట. రెండు చేతులూ బారగా చాచి, "ఇంత రంపం అమ్మా, ఇంత" అన్నాడు. మనవరాలు పెన్సిలు తీసింది. ఒళ్ళు ఎలా ఉంటాది తాతా అని అడిగింది. సొరలాగే, కాకపోతే పొట్ట కింద చదునుగా ఉంటాదన్నాడు. గీసింది. రంపం గీసింది. "పళ్ళు ఎన్ని తాతా?" అంది.

తాత చాలాసేపు ఆలోచించాడు. చేతులు ఇంకా చాచే ఉన్నాయి.

"నెక్కెట్టనేదే అమ్మా" అన్నాడు.

ఆ అమ్మాయి రంపానికి రెండు పక్కలా రెండు సన్నటి గీతలు మాత్రం గీసి, పళ్ళు వేయకుండా పెన్సిలు కింద పెట్టింది.